గడ్డ కరిగించే మందులు: క్యాథ్ ల్యాబ్ దూరమైన చోట

రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను మందుతో కరిగించి, ఆగిన రక్తప్రసారాన్ని తిరిగి సాగించే చికిత్సను థ్రాంబోలిసిస్ అంటారు. ఆసుపత్రి వరండాల్లో ‘గడ్డ కరిగే ఇంజెక్షన్’ అనేది దీన్నే. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల ధమనిలో గడ్డ, కృత్రిమ గుండె కవాటం బిగుసుకుపోవడం వంటి వాటిలో దీన్ని వాడతారు. ఒక్కో జబ్బుకు మోతాదు వేరు, గడువు వేరు, ప్రమాదం వేరు. నగరాల్లో గుండెపోటు రాగానే స్టెంట్ వేయడం మామూలయ్యాక ఈ మందులను పాతకాలపు సరుకుగా చూసే అలవాటు వచ్చింది. మణుగూరులో కూర్చుని లెక్క వేస్తే ఆ మాట నిలవదు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒకవైపు గోదావరి, మరోవైపు అడవి ఉన్న ఊరు మణుగూరు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం, పక్కనే అశ్వాపురంలో భారజల కర్మాగారం ఉన్నాయి. చుట్టూ పినపాక, కరకగూడెం, గుండాల మండలాల్లో కోయగూడేలు. ఊళ్లో సింగరేణి ఏరియా ఆసుపత్రి, ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నాయి. గోదావరి దాటితే భద్రాచలం ఏరియా ఆసుపత్రి. గుండె ధమనిలోకి తీగ పంపి అడ్డు తొలగించాలంటే మాత్రం క్యాథ్ ల్యాబ్ కావాలి. ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రికి అది 2022లో వచ్చింది. మణుగూరు నుంచి ఖమ్మం నూరు కిలోమీటర్లు దాటుతుంది, హైదరాబాద్ మూడు వందలు దాటుతుంది.

వానాకాలంలో ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అంత పెద్ద వరద ఏటా రాదు. కానీ వాగు పొంగి గుండాల వైపు దారి తెగడానికి ఒక రాత్రి వాన చాలు. అలాంటి రాత్రి ఛాతీలో నొప్పి మొదలైనవాడికి చికిత్స వాగుకు ఇవతలే అందాలి.

గడ్డ కట్టడం, కరగడం

రక్తం గడ్డ కట్టడం మనిషిని కాపాడే గుణమే. గాయమైన చోట ప్లేట్‌లెట్లు పోగవుతాయి. రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ ఫైబ్రిన్ పోగులుగా మారి, గోదావరి జాలరి వలలా అల్లుకుని, ప్లేట్‌లెట్లనూ ఎర్ర కణాలనూ పట్టి ఉంచుతుంది. గుండె ధమని గోడలో పేరుకున్న కొవ్వు పొక్కు చిట్లినప్పుడు కూడా శరీరం దాన్ని గాయమే అనుకుంటుంది. లోపల గడ్డ కడుతుంది, దారి మూసుకుపోతుంది.

ఆ అల్లికను విప్పే ఏర్పాటు కూడా రక్తంలోనే ఉంది. ప్లాస్మినోజెన్ అనే నిద్రాణ ప్రొటీన్ అవసరమైనప్పుడు ప్లాస్మిన్ అనే ఎంజైమ్‌గా మారి, ఫైబ్రిన్‌ను ముక్కలు చేస్తుంది. రక్తనాళాల లోపలి పొర కొద్దికొద్దిగా వదిలే టీపీఏ అనే పదార్థమే దాన్ని నిద్ర లేపేది. మామూలు రోజుల్లో ఇది సరిపోతుంది. ధమని పూర్తిగా మూసుకుపోయినప్పుడు శరీరం వేగం చాలదు. దాన్ని బయటినుంచి వేగిరపరచడమే థ్రాంబోలిసిస్.

అంటే ‘గడ్డ కరిగించే ఎంజైమ్’ అని మనం పిలిచే మందులు గడ్డను నేరుగా కోయవు. గడ్డను కోసేది రోగి సొంత ప్లాస్మినే. స్ట్రెప్టోకైనేజ్ అయితే అసలు ఎంజైమే కాదు. అది బ్యాక్టీరియా తయారుచేసే ప్రొటీన్. ప్లాస్మినోజెన్‌తో జత కూడితే ఆ జంటకు మిగతా ప్లాస్మినోజెన్‌ను మేల్కొలిపే శక్తి వస్తుంది.

అడవి అంచున పనిచేసే వైద్యులకు దీనికి ఎదురు దృశ్యం బాగా పరిచయం. రక్తపింజర కరిస్తే దాని విషం గడ్డకట్టే ప్రొటీన్లన్నిటినీ ఖర్చు చేసేస్తుంది. గాజు గొట్టంలో పోసిన రక్తం ఇరవై నిమిషాలైనా గడ్డ కట్టకపోతే విషం ఎక్కిందని గుర్తు. పాము విషం చేసే పనిని లొంగదీసి వాడుకోవడం కూడా వైద్యం నేర్చుకుంది. ప్లేట్‌లెట్లు అంటుకోకుండా ఆపే టైరోఫైబాన్, ఎప్టిఫైబటైడ్ అనే మందుల నమూనాలు పాము విషాల్లో దొరికినవే.

గొంతు నొప్పి సూక్ష్మజీవి నుంచి గుండె మందు దాకా

1933లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో విలియం టిలెట్, గార్నర్ కలిసి గొంతు నొప్పి తెచ్చే స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియా ద్రవం మనిషి రక్తపు గడ్డను కరిగిస్తుందని చూపారు. 1949లో టిలెట్, సోల్ షెర్రీ దీన్ని ఛాతీ కుహరంలో గడ్డకట్టిన రక్తాన్నీ చీమునూ పలచబరచడానికి వాడారు. 1958 నాటికి గుండెపోటు రోగుల సిరల్లోకి ఎక్కించి చూశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఈ మందు అటూ ఇటూ కాకుండా ఉండిపోయింది. అందుకు ఒక కారణం, గుండెపోటులో గడ్డ కారణమా, ఫలితమా అన్నదే తేలకపోవడం. గుండె కండరం చచ్చాకే గడ్డ పడుతుందని నమ్మిన పెద్దలు తక్కువేమీ కాదు.

1976లో మాస్కోలో చాజోవ్, 1979లో జర్మనీలో రెంట్రాప్ గుండె ధమనిలోకే మందు పంపి దారి తెరుచుకోవడం చూశారు. 1980లో డివుడ్ బృందం గుండెపోటు మొదలైన నాలుగు గంటల లోపు యాంజియోగ్రామ్ చేసిన రోగుల్లో 87 శాతం మందికి ధమని పూర్తిగా మూసుకుని ఉందని ప్రకటించింది. దాంతో వాదం తేలిపోయింది.

మిగిలిన ప్రశ్న ప్రాణాలు నిలుస్తాయా అన్నది. చిన్న చిన్న ప్రయోగాలు విడివిడిగా ఏదీ తేల్చలేదు. వాటన్నిటినీ ఒకచోట కూడి, లాభం ఉందని 1985లో చూపినవారిలో ఒకరు కేరళలో పుట్టిన సలీం యూసుఫ్. మరుసటి ఏడాదే ఇటలీలో దాదాపు 11,800 మందితో సాగిన జిస్సీ పరీక్ష ఫలితాలు వచ్చాయి. 21 రోజుల్లో మరణాలు మామూలు చికిత్సలో 13 శాతం, స్ట్రెప్టోకైనేజ్‌తో 10.7 శాతం. నొప్పి మొదలైన గంటలోపు మందు పడినవారిలో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. 1988లో 17,187 మందితో జరిగిన ఐసిస్-2 పరీక్షలో, రెండూ లేనివారిలో 13.2 శాతంగా ఉన్న మరణాలు స్ట్రెప్టోకైనేజ్, ఆస్పిరిన్ రెండూ అందినవారిలో 8 శాతమే. ఆస్పిరిన్ ఒక్కటే మరణాలను 23 శాతం తగ్గించింది. పల్లెకు ఇది ఎంత పెద్ద వార్తో మన దగ్గర ఇప్పటికీ సరిగా గ్రహించలేదు. ఫ్రిజ్ అక్కర్లేని, సూది అక్కర్లేని, చిల్లర డబ్బులతో దొరికే మాత్ర అది.

మానవ టీపీఏ జన్యువును 1983లో విడదీశాక ఆల్టెప్లేజ్ పుట్టింది, 1987లో అమెరికాలో గుండెపోటుకు అనుమతి పొందింది. 41,000 మందితో సాగిన 1993 నాటి గస్టో పరీక్షలో అది స్ట్రెప్టోకైనేజ్ కంటే కొద్దిగా మెరుగని తేలింది. కొద్దిగానే. ధరలో తేడా మాత్రం చాలా ఎక్కువ. మన దేశం చాలాకాలం స్ట్రెప్టోకైనేజ్‌తోనే నడిచింది.

మన ప్రయోగశాలల్లో

ఈ మందును దేశంలోనే తయారుచేయడంలో చండీగఢ్‌లోని సీఎస్‌ఐఆర్ సంస్థ ఇమ్‌టెక్ ముందు నిలిచింది. గిరీశ్ సాహ్నీ బృందం రూపొందించిన స్ట్రెప్టోకైనేజ్ పద్ధతులు కాడిలా, చెన్నైలోని శాసన్ వంటి కంపెనీలకు వెళ్లాయి. గడ్డ దగ్గరే చురుకయ్యే కొత్త రకాన్ని కూడా ఆ బృందం తయారుచేసింది. తెలుగు నేల వాటా హైదరాబాద్ నుంచి వచ్చింది. హెపటైటిస్-బి టీకాతో పేరు తెచ్చుకున్న శాంతా బయోటెక్నిక్స్ ‘షాన్‌కైనేజ్’ పేరుతోనూ, జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ ‘ఇండికైనేజ్’ పేరుతోనూ జన్యు సాంకేతికతతో చేసిన స్ట్రెప్టోకైనేజ్‌ను బజారులోకి తెచ్చాయి. టీకాల కీర్తిలో పడి ఈ రెండు పేర్లు వెనక్కి పోయాయి. పుణెలోని జెన్నోవా టెనెక్టెప్లేజ్‌ను దేశీయంగా తయారుచేస్తోంది.

ఏ మందు ఎలా ఇస్తారు

స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లను సెలైన్‌లో కలిపి అరగంట నుంచి గంటలోపు ఎక్కిస్తారు. బీపీ పడిపోవచ్చు, చలిజ్వరం, అలర్జీ రావచ్చు. బ్యాక్టీరియా ప్రొటీన్ కాబట్టి శరీరం దాన్ని గుర్తుపెట్టుకుని ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటుంది. ఒకసారి తీసుకున్నవారికి మళ్లీ ఇవ్వరు. అందుకే డిశ్చార్జి చీటీ దాచుకోవడం ముఖ్యం. ఏ ఇంజెక్షన్ ఇచ్చారో తెలియని రోగి రెండోసారి వస్తే డాక్టరుకు చిక్కే.

ఆల్టెప్లేజ్ రక్తంలో అయిదు నిమిషాల్లో సగమైపోతుంది, కాబట్టి ధారగా ఎక్కించాలి. దాన్నే మార్చి తయారుచేసిన టెనెక్టెప్లేజ్ ఎక్కువసేపు నిలుస్తుంది, ఫైబ్రిన్ ఉన్న చోట మరింత ఎంపికగా పనిచేస్తుంది. గుండెపోటుకు బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాముల మందును కొన్ని సెకన్లలో ఒకే సూదిగా ఇచ్చేస్తారు. పంపు అక్కర్లేదు, గంటసేపు చుక్కలు లెక్కపెట్టే పని లేదు. నర్సింగ్ సిబ్బంది తక్కువున్న ఆసుపత్రికి ఇదే పెద్ద సుగుణం. మూత్రం నుంచి తీసే యూరోకైనేజ్, రెండు విడతలుగా ఇచ్చే రెటెప్లేజ్ కూడా మన దగ్గర వాడకంలో ఉన్నాయి.

గుండెపోటు

ఛాతీనొప్పి అంతా గుండెపోటు కాదు, గుండెపోటు అంతా ఈ మందుకు లొంగేది కాదు. ధమని పూర్తిగా మూసుకుపోయిన రకంలో ఈసీజీలో ఎస్‌టీ భాగం పైకి లేస్తుంది. ఆ రకానికే మందు. మిగతా రకాల్లో లాభం లేకపోగా రక్తస్రావపు ముప్పు మిగులుతుంది. కాబట్టి సూది కంటే ముందు కావాల్సింది ఈసీజీ తీసే యంత్రం, దాన్ని చదివే మనిషి. చదివే మనిషి ఊళ్లోనే ఉండాలని లేదు, ఫోన్‌లో పంపినా చాలు.

స్టెంట్, సూది రెంటిలో ఏది మెరుగంటే, సమయానికి అందితే స్టెంటే. యూరోపియన్ మార్గదర్శకాల ప్రకారం ఈసీజీలో గుండెపోటు తేలిన క్షణం నుంచి రెండు గంటల్లోపు ధమని తెరవగలిగితే యాంజియోప్లాస్టీ చేయాలి. అలా వీలుకాదని తెలిస్తే పది నిమిషాల్లో గడ్డ కరిగించే మందు మొదలుపెట్టాలి. మణుగూరులో రాత్రి పదింటికి ఈసీజీ తీశారనుకోండి. అంబులెన్స్ రావాలి, కొత్తగూడెం మీదుగా ఖమ్మం చేరాలి, క్యాథ్ ల్యాబ్ బృందం సిద్ధం కావాలి. రెండు గంటల మాట కాగితం మీదే ఉంటుంది. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు పడిన సూది ఆలస్యంగా వేసిన స్టెంట్‌కు తీసిపోదు. పన్నెండు గంటల వరకు ఇవ్వవచ్చు గానీ గంట గంటకూ ఫలితం తగ్గుతూ పోతుంది.

ఈ రెంటినీ కలిపే దారి కూడా ఉంది. దగ్గరి ఆసుపత్రిలో సూది వేసి, ఆ తర్వాత రోగిని క్యాథ్ ల్యాబ్ ఉన్న చోటికి తరలించి, 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ చేయడం. 2013లో వెలువడిన స్ట్రీమ్ పరీక్ష ఈ పద్ధతికి బలమిచ్చింది. తమిళనాడులో 35 చిన్న ఆసుపత్రులను నాలుగు పెద్ద కేంద్రాలతో ముడిపెట్టి చూస్తే, ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయని 2017లో ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో ఐసీఎంఆర్ తోడ్పాటుతో తిరుపతి, కర్నూలు, గుంటూరు, విశాఖపట్నం బోధనాసుపత్రులు కేంద్రాలుగా ఇదే తరహా కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పట్లో బయట నలభై వేల రూపాయల దాకా ఉన్న టెనెక్టెప్లేజ్ సూదిని అందులో ఉచితం చేశారు.

గుండెజబ్బు పట్నపోళ్ల రోగమన్న భ్రమ ఎప్పుడో పోవాల్సింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలు ఆరా తీస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అంటువ్యాధుల వాటా అందులో సగం కూడా లేదు. 2008లో వెలువడిన క్రియేట్ అధ్యయనం దేశంలోని 89 ఆసుపత్రుల్లో 20 వేలకు పైగా రోగుల వివరాలు సేకరించింది. పైన చెప్పిన సలీం యూసుఫ్ ఇందులోనూ ఉన్నారు. ఎస్‌టీ రకం గుండెపోటు వచ్చినవారు నొప్పి మొదలయ్యాక ఆసుపత్రి చేరడానికి సగటున ఆరు గంటలు పట్టింది. లోపలికి వచ్చాక సూది పడటానికి పట్టింది యాభై నిమిషాలే. పేదల్లో నెలలోపు మరణాలు 8.2 శాతం, ధనికుల్లో 5.5 శాతం. అందిన చికిత్సలో తేడాను లెక్కలోంచి తీసేస్తే ఈ అంతరం కనిపించకుండా పోయింది. పేదవాడి గుండె వేరేగా ఏమీ లేదన్నమాట.

ఆ ఆరు గంటలు ఎక్కడ పోతాయో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. మొదట గ్యాస్ నొప్పి అనుకుంటారు. సోడా, జీలకర్ర నీళ్లు అయ్యాక ఆర్ఎంపీ డాక్టరును పిలుస్తారు. ఆయన తుంటికి డైక్లోఫెనాక్ సూది వేస్తాడు. నొప్పి కాస్త మరుగున పడి మరికొంత ఆలస్యమవుతుంది. పైగా తర్వాత గడ్డ కరిగించే మందు పడితే కండరంలో ఆ సూది పొడిచిన చోటే రక్తం చేరవచ్చు. ఆర్ఎంపీని తిట్టి ప్రయోజనం లేదు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. అలర్జీ, రక్తస్రావం వంటి అడ్డంకి లేకపోతే ఆస్పిరిన్ మాత్ర నమిలించి, కండరానికి సూది వేయకుండా, 108కు ఫోన్ చేయమని నేర్పితే ఐసిస్-2 ఫలితంలో కొంత భాగం గూడెం దాకా వచ్చినట్లే.

పక్షవాతం

మెదడు ధమని మూసుకుపోయినప్పుడు నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని అంచనా. 1995లో 624 మందితో జరిగిన అమెరికా పరీక్ష మూడు గంటల్లోపు ఆల్టెప్లేజ్ ఇస్తే వైకల్యం తగ్గుతుందని తేల్చింది. 2008 తర్వాత గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. ఇక్కడ స్ట్రెప్టోకైనేజ్ పనికిరాదు. మెదడులో రక్తస్రావాలు ఎక్కువై దానితో చేసిన పరీక్షలను 1990లలో మధ్యలోనే ఆపేశారు. 2016లో దేశీయ టెనెక్టెప్లేజ్‌కు పక్షవాతంలోనూ మన దేశంలో అనుమతి వచ్చింది.

పక్షవాతంలో ఈసీజీ స్థానం సీటీ స్కాన్‌ది. నాళం మూసుకుపోయినా, చిట్లినా బయటికి లక్షణాలు ఒకేలా ఉంటాయి. చిట్లిన మెదడుకు ఈ మందు ఇస్తే ప్రాణం పోతుంది. అందుకే స్కాన్ లేని ఆసుపత్రిలో ఎంత నేర్పరి డాక్టరైనా సూది ముట్టుకోకూడదు. ఇక్కడ మణుగూరు లెక్క గుండెపోటంత ఆశాజనకంగా లేదు. మూతి వంకర పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా పసరు మందుకో మంత్రానికో తిరిగితే నాలుగున్నర గంటలు అక్కడే కరిగిపోతాయి. నిద్రలో వచ్చిన పక్షవాతమైతే ఎప్పుడు మొదలైందో తెలియదు. చివరిసారి బాగున్నట్లు చూసిన సమయమే లెక్కకొస్తుంది.

కవాటాలు, ఊపిరితిత్తులు

కీళ్లవాతపు జ్వరం చిన్నప్పుడే గుండె కవాటాన్ని పాడుచేసిన యువతీయువకులు మన పల్లెల్లో ఇంకా కనిపిస్తారు. ఆపరేషన్‌తో లోహపు కవాటం పెట్టించుకున్నవారు రక్తం గడ్డ కట్టకుండా ఆపే అసిట్రోమ్ వంటి మాత్ర జీవితాంతం వేసుకోవాలి, క్రమంగా రక్తపరీక్ష చేయించుకోవాలి. మాత్ర అయిపోయి, పట్నం వెళ్లలేక పది రోజులు గడిస్తే కవాటం మీద గడ్డ పడి అది బిగుసుకుపోతుంది. ఆయాసంతో వస్తారు. సంపన్న దేశాల్లో చాలామందికి మళ్లీ ఆపరేషన్ చేస్తారు. మన దగ్గర స్ట్రెప్టోకైనేజ్‌తోనే ఎందరో గట్టెక్కారు. మందును ఎంత వేగంగా ఎక్కించాలో తేల్చడానికి ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 120 మంది రోగులతో చేసిన పరీక్ష 2009లో అచ్చయింది.

కాలి సిరలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తుల ధమనిలో ఇరుక్కుని బీపీ పడిపోతే ఆల్టెప్లేజ్ వంద మిల్లీగ్రాములు రెండు గంటల్లో ఎక్కిస్తారు. బీపీ నిలకడగా ఉన్నవారికి కొత్త గడ్డ కట్టకుండా ఆపే హెపారిన్ చాలు.

రక్తస్రావం

గడ్డను కరిగించే మందుకు మంచి గడ్డ, చెడ్డ గడ్డ అన్న తేడా తెలియదు. గుండెపోటుకు ఇచ్చినప్పుడు దాదాపు నూటికి ఒకరికి మెదడులో రక్తస్రావం కావచ్చు. పైన చెప్పిన పక్షవాతం పరీక్షలో ఇది 6.4 శాతం. అందుకే గతంలో మెదడులో రక్తస్రావమైనవారికి, ఇటీవల పక్షవాతం వచ్చినవారికి, పెద్ద ఆపరేషనో తల గాయమో అయినవారికి, కడుపులో పుండు నుంచి రక్తం పోతున్నవారికి, బృహద్ధమని చీలిందని అనుమానం ఉన్నవారికి ఇవ్వరు. బీపీ 180/110 దాటితే ముందు దాన్ని దించాలి. వృద్ధులకు టెనెక్టెప్లేజ్ సగం మోతాదే ఇస్తారు. ఈ ముప్పును బంధువులకు చెప్పి సంతకం తీసుకోవాలి. ఆ మాట అరగంట సాగితే మాత్రం సంతకం చేయించిన ప్రయోజనమే పోతుంది.

ఈ మందులు కరిగించలేనివి

ధమని గోడలోని కొవ్వు, సున్నపు పేరుడు దీనికి కరగవు. భద్రాచలం ఏజెన్సీలోని గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బులో కూడా చిన్న నాళాలు మూసుకుపోయి భరించలేని నొప్పి వస్తుంది. అక్కడ అడ్డుపడేది కొడవలి ఆకారానికి వంగిన ఎర్ర కణాలు, ఫైబ్రిన్ గడ్డ కాదు. ఆ నొప్పికి ఈ సూది చికిత్స కాదు. ద్రవాలు, నొప్పి మందులు, అవసరమైతే రక్తం ఎక్కించడం, దీర్ఘకాలంలో హైడ్రాక్సీయూరియా.

జపాన్ వారి పులియబెట్టిన సోయా వంటకం నుంచి తీసే నాటోకైనేజ్, వానపాముల నుంచి తీసే లంబ్రోకైనేజ్ గొట్టం మాత్రలు ‘బ్లాకులు కరిగిస్తాయి’ అన్న ప్రచారంతో అమ్ముడవుతున్నాయి. గాజు గొట్టంలో ఫైబ్రిన్‌ను కోసే గుణం వాటికి ఉన్నమాట నిజమే. గుండెపోటులోనో పక్షవాతంలోనో మింగితే మూసుకున్న ధమని తెరుచుకుంటుందనడానికి ఆధారం లేదు. ఆస్పిరిన్, అసిట్రోమ్ వాడేవారు వాటిని కలిపి మింగితే రక్తస్రావపు ముప్పు పెరగవచ్చు.

సూది పడ్డాక

మందు పని చేసిందనడానికి గుర్తులు గంట, గంటన్నరలో కనిపిస్తాయి. నొప్పి తగ్గుతుంది, ఈసీజీలో లేచిన ఎస్‌టీ భాగం సగానికి పైగా దిగుతుంది. రక్తం తిరిగి పారే క్షణాల్లో గుండె లయ తప్పవచ్చు, కాబట్టి మానిటర్, షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ పక్కనే ఉండాలి. చాలామందిలో దారి తెరుచుకుంటుంది, కొందరిలో తెరుచుకోదు. తెరుచుకోనివారిని వెంటనే క్యాథ్ ల్యాబ్‌కు పంపాలి. తెరుచుకున్నవారినీ మరునాటిలోగా పంపాలి, ఎందుకంటే చిట్లిన కొవ్వు పొక్కు అక్కడే ఉంది, దాని మీద మళ్లీ గడ్డ పడగలదు. ఇళ్లవాళ్లు తరచూ తడబడేది ఇక్కడే. నొప్పి పోయింది, మనిషి లేచి కూర్చున్నాడు, చాయ్ అడిగాడు, ఇంకా ఖమ్మం ఎందుకని అంటారు. వైద్యుడు ఆ రాత్రి ఈసీజీ చదివినంత శ్రద్ధగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. అంబులెన్స్‌ను కూడా అప్పటికే పిలిచి ఉంచాలి.